యూనిట్ – 12 : కండోమ్ వినియోగం – స్త్రీల వైఖరులు, ప్రవర్తన

విషయక్రమం
12.0 లక్ష్యాలు
12.1 పరిచయం
12.2 తెలియటం, అంగీకరించటం, ఆచరించటం
12.3 గణాంకాలు ఏమి చెబుతున్నాయి?
12.4 ఆపరేషన్‌కు ప్రాధాన్యం ఎలా వచ్చింది?
12.5 స్త్రీల వైఖరులను రూపొందించే అంశాలు
12.6 అడగటంలోని ఇబ్బంది : ఒక ఉదాహరణ
12.7 సోనాగాచి, థాయ్‌లాండ్ అనుభవాలు
12.8 స్త్రీ కండోమ్
12.9 సారాంశం
12.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి – మాదిరి సమాధానాలు
12.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు
12.12 ముఖ్య పదాలు

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు :
• కండోమ్ గురించిన అవగాహనకూ, దాని వాడకానికీ మధ్య ఉన్న అంతరాన్ని వివరించగలుగుతారు.
• తెలుగు రాష్ట్రాల్లో కండోమ్ వాడకం అతి తక్కువగా ఉండటానికి చారిత్రక, సామాజిక కారణాలను గుర్తించగలుగుతారు.
• భర్తను కండోమ్ వాడమని అడగటం స్త్రీకి ఎందుకు కష్టమవుతుందో విశ్లేషించగలుగుతారు.
• స్త్రీల బేరశక్తిని పెంచిన కార్యక్రమాల నుండి నేర్చుకోదగిన అంశాలను చర్చించగలుగుతారు.

12.1 పరిచయం

గత యూనిట్‌లో కుటుంబ నియంత్రణ పద్ధతులను గురించి తెలుసుకున్నారు. ఆ పద్ధతులన్నింటిలోనూ కండోమ్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మాత్రలు, కాపర్-టి, ఇంజెక్షన్, ఆపరేషన్ వంటివి గర్భాన్ని మాత్రమే నివారిస్తాయి. కండోమ్ గర్భాన్ని నివారించటంతోపాటు హెచ్.ఐ.వి., గనేరియా, సిఫిలిస్ వంటి లైంగిక సంక్రమణ వ్యాధుల ముప్పును కూడా తగ్గిస్తుంది. దీనినే ద్వంద్వ రక్షణ అంటారు.

మరొక ప్రత్యేకత కూడా ఉంది. మాత్ర వేసుకోవాలా, కాపర్-టి వేయించుకోవాలా అనేది స్త్రీ తన శరీరానికి సంబంధించి తీసుకోగల నిర్ణయం. పురుషుల కండోమ్‌ను మాత్రం ఆమె వాడలేదు. భర్త వాడేటట్లు చూడగలదు, అంతే. కాబట్టి "స్త్రీల కండోమ్ వినియోగం" అన్నప్పుడు మనం నిజానికి అధ్యయనం చేసేది ఒక వస్తువు వాడకాన్ని కాదు. భార్యాభర్తల మధ్య జరిగే, లేదా జరగని, ఒక సంభాషణను. ఈ యూనిట్‌లో ఆ సంభాషణ ఎందుకు జరగటం లేదో పరిశీలిద్దాం.

12.2 తెలియటం, అంగీకరించటం, ఆచరించటం

ఆరోగ్య ప్రవర్తనను అధ్యయనం చేసేవారు మూడు దశలను వేరుగా చూస్తారు. మొదటిది జ్ఞానం : కండోమ్ అంటే ఏమిటో, ఎందుకు ఉపయోగపడుతుందో తెలియటం. రెండవది వైఖరి : అది మంచిదా, చెడ్డదా, తనవంటి వారికి తగినదా అనే అభిప్రాయం. మూడవది ప్రవర్తన : వాస్తవంగా వాడటం, అదీ ప్రతిసారీ వాడటం.

ఒక దశ నుండి మరొక దశకు వెళ్ళటం తనంత తాను జరగదు. ఈ మార్పును వివరించటానికి రెండు సిద్ధాంతాలు ఉపయోగపడతాయి.

అ) స్వయం సామర్థ్య విశ్వాసం : మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన భావన ఇది. ఒక పని మంచిదని తెలిసినంత మాత్రాన మనిషి ఆ పని చేయడు. "నేను చేయగలను" అనే నమ్మకం కూడా ఉండాలి. భర్తతో ఈ విషయం మాట్లాడగలననే నమ్మకం లేని స్త్రీకి కండోమ్ గురించిన సమాచారం ఎంత ఉన్నా అది ఆచరణలోకి రాదు.

ఆ) లింగ సంబంధాలు–అధికారం : సామాజిక శాస్త్రవేత్త కానెల్ 1987లో ప్రచురించిన గ్రంథంలో స్త్రీ పురుష సంబంధాలను మూడు నిర్మాణాల ద్వారా వివరించారు. అవి శ్రమ విభజన, అధికార విభజన, అనురాగ బంధాలు. తరువాత వింగుడ్, డిక్లెమెంటే అనే పరిశోధకులు ఈ సిద్ధాంతాన్ని హెచ్.ఐ.వి. నివారణకు అన్వయించారు. ఆర్థికంగా భర్తపై ఆధారపడటం, ఇంట్లో నిర్ణయాధికారం లేకపోవటం, "మంచి భార్య ఇలా ఉండాలి" అనే భావన – ఈ మూడూ కలిసి స్త్రీ నోరు విప్పే అవకాశాన్ని తగ్గిస్తాయి.

మొదటి సిద్ధాంతం వ్యక్తి మనసును చూస్తుంది. రెండవది ఆ మనసు అలా తయారవటానికి గల పరిస్థితులను చూస్తుంది. మన అంశాన్ని అర్థం చేసుకోవటానికి రెండూ అవసరమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
ఇతర కుటుంబ నియంత్రణ పద్ధతులకూ, కండోమ్‌కూ ఉన్న రెండు ప్రధాన తేడాలు ఏవి?

12.3 గణాంకాలు ఏమి చెబుతున్నాయి?

5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 15–49 సంవత్సరాల వయసు గల వివాహిత స్త్రీలలో 37.9 శాతం కు.ని. ఆపరేషన్ చేయించుకున్నారు. కండోమ్‌పై ఆధారపడుతున్న దంపతులు 9.5 శాతం. 4వ సర్వే (2015–16) నాటికి ఇది 5.6 శాతం మాత్రమే. అంటే దేశం మొత్తం మీద కండోమ్ వాడకం పెరుగుతోంది. ఢిల్లీ, చండీగఢ్, పంజాబ్, ఉత్తరాఖండ్ వంటి చోట్ల ఇది జాతీయ సగటు కంటే చాలా ఎక్కువ.

తెలుగు రాష్ట్రాల పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం వివాహిత స్త్రీలు ఆపరేషన్ చేయించుకున్నవారే. కండోమ్‌పై ఆధారపడే దంపతులు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఒకరు కూడా లేరు. తెలంగాణలోనూ ఈ సంఖ్య అత్యల్పమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక స్త్రీ ఒకటి కంటే ఎక్కువ పద్ధతులు వాడుతుంటే సర్వేలో వాటిలో బలమైన పద్ధతినే లెక్కిస్తారు. ఆపరేషన్ అయిన స్త్రీ భర్త కండోమ్ వాడినా ఆమె "ఆపరేషన్" వరుసలోనే చేరుతుంది. కాబట్టి ఈ అంకెలు కండోమ్ వాడకాన్ని కొంత తక్కువగా చూపవచ్చు. అయినా ఇంత పెద్ద తేడాను ఈ కారణం ఒక్కటే వివరించలేదు.

మరొక వైపు హెచ్.ఐ.వి. అంచనాలను చూడండి. 2021 జాతీయ అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్.ఐ.వి. వ్యాప్తి ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. ఈశాన్య రాష్ట్రాలైన మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తరువాత ఎక్కువ వ్యాప్తి ఉన్నది ఈ ప్రాంతంలోనే. అంటే వ్యాధి నుండి రక్షణ అవసరం ఎక్కువగా ఉన్న చోటే, ఆ రక్షణనిచ్చే ఏకైక కుటుంబ నియంత్రణ సాధనం వాడకం అతి తక్కువగా ఉంది. ఈ యూనిట్‌లోని కేంద్ర సమస్య ఇదే.

12.4 ఆపరేషన్‌కు ప్రాధాన్యం ఎలా వచ్చింది?

కండోమ్ మన దేశానికి కొత్తది కాదు. భారత ప్రభుత్వం 1966లో హిందుస్థాన్ లేటెక్స్ లిమిటెడ్ సంస్థను స్థాపించింది. 1968లో "నిరోధ్" పేరుతో కండోమ్‌లను సబ్సిడీ ధరకు, టీ పొడి, సబ్బులు అమ్మే పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థ ద్వారా, గ్రామాల కిరాణా కొట్ల వరకు చేర్చింది. సామాజిక మార్కెటింగ్‌కు ప్రపంచంలోనే ఇది తొలి పెద్ద ప్రయత్నాలలో ఒకటి. తెలుగు ప్రాంతాల్లో పాత తరం వారు ఇప్పటికీ ఏ కండోమ్‌నైనా "నిరోధ్" అనే అంటారు.

ఎమర్జెన్సీ కాలంలో 1976–77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో అధిక భాగం పురుషులకు చేసిన వేసక్టమీలు. బలవంతపు ఆపరేషన్లపై ప్రజల్లో తీవ్ర ఆగ్రహం వచ్చింది. ఆ తరువాత కార్యక్రమం పురుషులను వదిలి స్త్రీల వైపు తిరిగింది. లాపరోస్కోపీ శిబిరాలు, ఆపరేషన్ లక్ష్యాలు, ప్రోత్సాహక నగదు ఈ ధోరణిని బలపరిచాయి. దక్షిణాది రాష్ట్రాలు, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, ఈ పద్ధతిలో జనాభా పెరుగుదలను త్వరగా తగ్గించగలిగాయి.

ఫలితంగా మన ప్రాంతంలో ఒక జీవిత క్రమం స్థిరపడింది. చిన్న వయసులో పెళ్ళి, వెంటనే ఇద్దరు పిల్లలు, రెండవ కాన్పుతోనే ఆపరేషన్. చాలామంది స్త్రీలకు ఇరవైల మధ్యలోనే ఇదంతా పూర్తవుతుంది. పెళ్ళికీ ఆపరేషన్‌కూ మధ్య ఉన్న కొద్ది సంవత్సరాలలో ఏ తాత్కాలిక పద్ధతినీ వాడని దంపతులే ఎక్కువ. కాబట్టి కండోమ్ అనేది దాంపత్య జీవితంలో ఎప్పుడూ ఒక అలవాటుగా ప్రవేశించనే లేదు.

ఆపరేషన్ వల్ల మరొక పరిణామం కూడా కలిగింది. గర్భ భయం ఉన్న దంపతుల మధ్య కండోమ్ అడగటానికి ఒక మర్యాదైన కారణం ఉంటుంది : "ఇప్పుడే పిల్లలు వద్దు" అనవచ్చు. ఆపరేషన్ అయిన స్త్రీకి ఆ కారణం ఉండదు. ఇక మిగిలేది వ్యాధి భయం ఒక్కటే. వ్యాధి భయంతో అడగటమంటే భర్తను అనుమానించటంగా అర్థమవుతుంది. అంటే గర్భం నుండి రక్షించిన పద్ధతే, వ్యాధి నుండి రక్షణ కోరే మాటను కష్టతరం చేసింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
కు.ని. ఆపరేషన్ తరువాత స్త్రీ కండోమ్ అడగటం ఎందుకు మరింత కష్టమవుతుంది?

12.5 స్త్రీల వైఖరులను రూపొందించే అంశాలు

1. నమ్మకం – అనుమానం : మన సమాజంలో కండోమ్‌కు "బయటి సంబంధాలకు వాడేది" అనే ముద్ర ఉంది. ఎయిడ్స్ ప్రచారం తొలి సంవత్సరాలలో భయం చుట్టూ తిరగటం కూడా ఈ ముద్రను గట్టిపరచింది. అందువల్ల ఇంట్లో కండోమ్ కనిపిస్తే రెండు ప్రశ్నలు పుడతాయి : అతడు ఎక్కడికైనా వెళుతున్నాడా? లేక ఆమెకు ఈ విషయం ఎలా తెలిసింది?

2. "తెలియకపోవటం" అనే మర్యాద : లైంగిక విషయాలు తెలియనట్లు ఉండటం మంచి స్త్రీ లక్షణంగా భావించే కుటుంబాలు ఎక్కువ. విషయం తెలిసిన స్త్రీ కూడా తెలియనట్లే ప్రవర్తిస్తుంది. సర్వేలో ప్రశ్నిస్తే ఆమె సరైన సమాధానం చెప్పగలదు. ఇంట్లో మాత్రం ఆ జ్ఞానాన్ని బయటపెట్టలేదు.

3. సుఖం, సౌకర్యం : కండోమ్ వల్ల తృప్తి తగ్గుతుందనేది పురుషులు ఎక్కువగా చెప్పే కారణం. స్త్రీల అభిప్రాయం ఒకే విధంగా ఉండదు. మంట, దురద, అలర్జీ గురించి భయపడేవారు ఉన్నారు. లోపల ఉండిపోతుందేమోనని కంగారుపడేవారు ఉన్నారు. గర్భ భయం లేకుండా నిశ్చింతగా ఉండవచ్చని, శుభ్రంగా ఉంటుందని ఇష్టపడేవారూ ఉన్నారు. కాబట్టి "స్త్రీలకు కండోమ్ ఇష్టం లేదు" అని సాధారణీకరించటం సరికాదు.

4. నిత్య జీవిత ఇబ్బందులు : ఊరి మెడికల్ షాపు యజమాని తెలిసినవాడే అయి ఉంటాడు. ఉమ్మడి కుటుంబంలో దాచే చోటు ఉండదు. వాడిన తరువాత పిల్లల కంట, అత్తగారి కంట పడకుండా ఎక్కడ పారవేయాలన్నది కూడా సమస్యే. 2011లో ప్రారంభమైన పథకం కింద ఆశా కార్యకర్తలు మూడు కండోమ్‌ల ప్యాకెట్టును ఒక రూపాయికి ఇంటికి తెచ్చి ఇచ్చే ఏర్పాటు చేశారు. దుకాణానికి వెళ్ళే బిడియం దీనితో తగ్గింది; దాచే చోటు, పారవేసే చోటు సమస్య తీరలేదు.

5. పద్ధతిపై విశ్వాసం : ప్రతిసారీ, సరిగ్గా వాడితే ఒక సంవత్సరంలో నూరు మంది స్త్రీలలో సుమారు ఇద్దరికే గర్భం వస్తుంది. సాధారణంగా జనం వాడే తీరులో ఈ సంఖ్య సుమారు 13. ఈ తేడా సాధనం లోపం వల్ల వచ్చింది కాదు. అప్పుడప్పుడు వాడకపోవటం, ఆలస్యంగా వాడటం వల్ల వచ్చింది. వైఫల్యం భారం మాత్రం స్త్రీయే మోయాలి. అందుకే ఇతరులపై ఆధారపడని ఆపరేషన్‌నే ఆమె ఎక్కువగా నమ్ముతుంది. ఆమె దృష్టిలో ఇది అజ్ఞానం కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయమే.

6. పురుషుల వైఖరి : 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సుమారు 35 శాతం పురుషులు కుటుంబ నియంత్రణ ఆడవారి పని అనే వాక్యంతో ఏకీభవించారు. స్త్రీల ప్రవర్తనను ఈ వైఖరి నుండి విడదీసి చూడలేము.

12.6 అడగటంలోని ఇబ్బంది : ఒక ఉదాహరణ

కింది సంభాషణ కల్పితం. భర్త పనికోసం దూర నగరానికి వలస వెళ్ళి ఆరు నెలల తరువాత తిరిగి వచ్చాడు. అదే ఊరి ఆశా కార్యకర్త ఆ ఇంటికి వచ్చింది.

"వదినా, అన్న వచ్చాడంట గదా. ఈ ప్యాకెట్లు ఉంచుకో."
"నాకెందుకు? రెండో కాన్పుకే ఆపరేషన్ అయిపోయింది గదా."
"పిల్లల కోసం కాదు వదినా, జబ్బుల కోసం."
"ఆ మాట ఆయనతో ఎట్లా అనేది? ‘నామీద అనుమానమా?’ అంటారు. లేకపోతే ‘నీకు ఇయ్యన్నీ ఎవరు నేర్పారు?’ అంటారు. ఆర్నెల్లకు ఇంటికొచ్చిన మనిషితో పేచీ పెట్టుకోమంటావా?"

ఈ స్త్రీకి సమాచారం లోపించలేదు. వ్యాధి ముప్పు ఉందనీ ఆమెకు తెలియకపోలేదు. ఆమె రెండు ముప్పులను తూచి చూస్తోంది. ఒకటి, రావచ్చో రాకపోవచ్చో తెలియని జబ్బు. రెండు, అడిగితే ఈ రాత్రే జరిగే గొడవ. దగ్గరగా, ఖాయంగా కనిపించే ముప్పునే మనిషి ముందుగా తప్పించుకుంటాడు.

నేరుగా అడగలేని స్త్రీలు పరోక్ష మార్గాలు వెతుకుతారు. ఒంట్లో బాగాలేదని, ఉపవాసమని, పిల్లలు మేలుకున్నారని చెప్పి వాయిదా వేస్తారు. డాక్టరమ్మ చెప్పిందని అంటారు. చివరి మార్గం కొంత ఫలితమిస్తుంది. ఎందుకంటే అప్పుడు మాట ఆమెది కాదు, వైద్యురాలిది. అందులో నింద ఉండదు. ఆరోగ్య సిబ్బంది దంపతులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే ఫలితం మెరుగ్గా ఉండటానికి కారణం కూడా ఇదే.

చట్టం స్థానాన్ని కూడా గమనించాలి. గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం, 2005 లైంగిక వేధింపును గృహహింసలో భాగంగా నిర్వచించింది. అయితే 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 18 ఏళ్లు నిండిన భార్యతో భర్త జరిపే లైంగిక సంపర్కాన్ని అత్యాచార నిర్వచనం నుండి మినహాయించింది. "వద్దు" అనే మాటకు పూర్తి బలం లేని చోట "కండోమ్‌తోనైతేనే" అనే మాటకు బలం ఉండటం కష్టం.

12.7 సోనాగాచి, థాయ్‌లాండ్ అనుభవాలు

దాంపత్యంలో ఇంత కష్టమైన సంభాషణను సమాజంలో ఏ గౌరవమూ లేని స్త్రీలు కొన్నిచోట్ల గెలిచారు. ఆ అనుభవాలు మనకు పాఠాలు.

కోల్‌కతాలోని సోనాగాచి ప్రాంతంలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా నాయకత్వంలో సెక్స్ వర్కర్ల కోసం ఒక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి రోజుల్లో కండోమ్ క్రమం తప్పక వాడేవారు అతి స్వల్పం. కండోమ్ అడిగితే విటుడు పక్క గదికి వెళతాడు. ఆ రోజు కూలి పోతుంది. ఆ స్త్రీలలో నుండే సహచర కార్యకర్తలను ఎంపిక చేశారు. 1995లో వారు దుర్బార్ మహిళా సమన్వయ కమిటీగా సంఘటితమయ్యారు. సొంత సహకార పొదుపు సంఘం పెట్టుకున్నారు. అప్పు ఇచ్చేవారిపై ఆధారపడటం తగ్గటంతో విటుణ్ణి తిరస్కరించే ధైర్యం వచ్చింది. అందరూ ఒకే మాట మీద నిలవటంతో విటుడికి వేరే గది లేకపోయింది. 1990ల చివరికి కండోమ్ వాడకం అధిక సంఖ్యాకుల అలవాటుగా మారింది.

థాయ్‌లాండ్‌లో ఇదే సూత్రాన్ని ప్రభుత్వం అమలు చేసింది. 1989లో రాచ్‌బురి రాష్ట్రంలో ప్రయోగాత్మకంగా, 1991లో దేశమంతటా "నూరు శాతం కండోమ్" కార్యక్రమం చేపట్టారు. అన్ని వేశ్యాగృహాలలోనూ నియమం ఒకటే కావటంతో ఏ ఒక్క స్త్రీ కూడా నష్టపోలేదు. అక్కడ కండోమ్ వాడకం 1989లో సుమారు 14 శాతం నుండి 1993 నాటికి 94 శాతానికి చేరింది.

మన ప్రాంతంలోనూ 2003లో మొదలైన అవాహన్ కార్యక్రమం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సహచర కార్యకర్తల పద్ధతిని విస్తృతంగా అనుసరించింది.

ఈ అనుభవాలలో ఒక ముఖ్యమైన పరిశీలన ఉంది. విటులతో కచ్చితంగా కండోమ్ వాడించిన స్త్రీలు కూడా తాము ప్రేమించిన, భర్తగా భావించిన వ్యక్తితో అంతగా వాడలేదు. సమాచారం అదే, సాధనం అదే, నైపుణ్యం అదే. మారింది సంబంధం మాత్రమే. కండోమ్ లేకపోవటమే అక్కడ నమ్మకానికి గుర్తు. గృహిణి ఇబ్బందీ, సెక్స్ వర్కర్ ఇబ్బందీ ఈ ఒక్క చోట కలుస్తాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
సోనాగాచి, థాయ్‌లాండ్ కార్యక్రమాల విజయానికి ఉమ్మడి కారణం ఏమిటి?

12.8 స్త్రీ కండోమ్

స్త్రీ స్వయంగా ధరించగల కండోమ్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1993లో ఆమోదం తెలిపింది. సంపర్కానికి ముందే అమర్చుకోవచ్చు కాబట్టి నిర్ణయం కొంతవరకు స్త్రీ చేతిలోకి వస్తుంది. అయితే ధర ఎక్కువ, దొరికే చోట్లు తక్కువ, అమర్చుకోవటానికి అలవాటు కావాలి. సాధారణ వాడకంలో సంవత్సరానికి నూరు మందిలో సుమారు 21 మందికి గర్భం వస్తుంది. పైగా ఇది భర్తకు తెలియకుండా వాడగల సాధనం కాదు. అంటే సాధనం మారినా సంభాషణ అవసరం తప్పలేదు.

12.9 సారాంశం

కండోమ్ గర్భం, వ్యాధి రెండింటి నుండీ రక్షణనిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో స్త్రీల ఆపరేషన్‌పై ఆధారపడటం వల్ల కండోమ్ దాంపత్య జీవితంలో భాగం కాలేదు. ఆపరేషన్ తరువాత కండోమ్ అడగటం అనుమానానికి గుర్తుగా మారింది. స్త్రీల వైఖరులు అజ్ఞానం నుండి మాత్రమే పుట్టినవి కావు. నమ్మకం, మర్యాద, ఆర్థిక ఆధారం, గొడవ భయం వాటిని రూపొందిస్తాయి. సోనాగాచి, థాయ్‌లాండ్ అనుభవాల ప్రకారం స్త్రీ ఒంటరిగా బేరమాడవలసిన అవసరం లేనప్పుడే వాడకం పెరుగుతుంది. కాబట్టి "స్త్రీలకు అవగాహన కల్పించాలి" అనే సాధారణ సూచనతో సరిపోదు. పురుషులతో మాట్లాడటం, దంపతులకు కలిపి సలహా ఇవ్వటం, కండోమ్‌ను అనుమానం నుండి విడదీసి సంరక్షణగా పరిచయం చేయటం అవసరం.

12.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి – మాదిరి సమాధానాలు

1) కండోమ్ గర్భంతోపాటు లైంగిక సంక్రమణ వ్యాధుల నుండి కూడా రక్షణనిస్తుంది, దాని వాడకానికి పురుషుని సహకారం తప్పనిసరి.
2) గర్భ నివారణ అనే కారణం ఉండదు. మిగిలిన వ్యాధి భయం అనే కారణం భర్తను అనుమానించటంగా అర్థమవుతుంది.
3) స్త్రీ ఒంటరిగా అడగవలసిన పరిస్థితిని తొలగించి, అందరికీ ఒకే నియమాన్ని ఏర్పరచటం.

12.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) తెలుగు రాష్ట్రాల్లో కండోమ్ వాడకం తక్కువగా ఉండటానికి కారణాలను విశ్లేషించండి.
2) "కండోమ్ వాడకం సమాచార సమస్య కాదు, అధికార సమస్య." చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) స్వయం సామర్థ్య విశ్వాసాన్ని ఉదాహరణతో వివరించండి.
2) సోనాగాచి కార్యక్రమంలో సహకార పొదుపు సంఘం పాత్ర ఏమిటి?
3) స్త్రీ కండోమ్ ప్రయోజనాలు, పరిమితులు తెలపండి.

12.12 ముఖ్య పదాలు

ద్వంద్వ రక్షణ : గర్భం నుండి, లైంగిక సంక్రమణ వ్యాధుల నుండి ఏకకాలంలో లభించే రక్షణ.
బేరశక్తి : ఒక సంబంధంలో తన కోరికను, అభ్యంతరాన్ని చెప్పి ఎదుటివారిని ఒప్పించగల శక్తి.
సామాజిక మార్కెటింగ్ : ప్రజాహితం కోసం ఉద్దేశించిన వస్తువులను వ్యాపార పద్ధతుల ద్వారా తక్కువ ధరకు అందించటం.
సహచర కార్యకర్త : తాను పనిచేసే సమూహానికే చెందిన శిక్షణ పొందిన కార్యకర్త.